అలెగ్జాండర్ మీద ఏ పుస్తకాలు కొనాలి, ఏవి వదిలేయాలి

అలెగ్జాండర్ చనిపోతూ నా రెండు చేతులూ శవపేటిక బయటికి కనపడేలా ఉంచండి, ఉత్త చేతులతో పోతున్నానని అందరికీ తెలియాలి అన్నాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది కదా, చాలామందికి ఆయన గురించి గుర్తుండేది అదొక్కటే. ఏ పుస్తకమైనా దాన్ని నిజంగా జరిగినట్టు రాస్తే నా మటుకు నేను ఆ పుస్తకాన్ని అక్కడే పక్కన పెట్టేస్తా. ప్రాచీన కాలం నుంచి మనకి మిగిలిన ముఖ్యమైన అలెగ్జాండర్ కథనాలు ఐదు, ఆ ఐదింట్లో ఒక్కదాంట్లో కూడా ఆ కోరికల ఊసే లేదు.

ఈయన మీద ఇంగ్లీషులో పుస్తకాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి, ఒక్కో అట్ట చూస్తే ఒక్కోటి కొనాలనిపిస్తుంది, కానీ ఏది చదవదగ్గదో తేల్చుకోవాలంటే ముందు ఒక సంగతి తెలిసుండాలి. అలెగ్జాండర్‌తో పాటు నడిచినవాళ్లు చాలామంది రాశారు. ఆస్థాన చరిత్రకారుడు కాలిస్థెనీస్ రాశాడు, తర్వాత ఈజిప్టుకి రాజైన సేనాని టాలమీ రాశాడు, నౌకాదళాన్ని నడిపిన నియార్కస్ రాశాడు, అరిస్టోబులస్ రాశాడు. వాటిలో ఒక్కటి కూడా పూర్తిగా మనదాకా రాలేదు, అన్నీ పోయాయి. ఆయన చనిపోయింది క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో, 32 ఏళ్ల వయసులో. ఇప్పుడు మన చేతిలో ఉన్నవాటిలో పాతది డయోడోరస్ రాసింది, అది క్రీ.పూ. ఒకటో శతాబ్దానిది, అంటే మూడొందల ఏళ్లకి కాస్త తక్కువ తేడా. కర్టియస్, ప్లూటార్క్, అరియన్, జస్టిన్ ఇంకా తర్వాతవాళ్లు. వీళ్లంతా పోయిన ఆ పాత పుస్తకాలు చదివి రాసినవాళ్లే, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు.

అందుకే నేను పుస్తకంలో చూసేది ఒక్కటే, ఈ విషయం నీకెలా తెలుసయ్యా అని అడిగితే ఆథర్ దగ్గర జవాబు ఉందా లేదా. భాష ఎంత బాగున్నా, ఫొటోలు ఎన్ని ఉన్నా, ఆ జవాబు లేకపోతే నాకు అది చరిత్ర కాదు.

టెస్ట్ చేయడం కూడా సులువే. పుస్తకం చేతికి దొరికినా, ఆన్‌లైన్‌లో శాంపిల్ పేజీలు దొరికినా ఇండెక్స్‌లో పెర్సెపోలిస్ అని వెతకండి. క్రీ.పూ. 330లో పర్షియన్ల రాజభవనం తగలబడిపోయింది. అరియన్ ఏమంటాడంటే, పర్షియన్లు ఏథెన్స్‌ని, గుళ్లని కాల్చినందుకు పగ తీర్చుకోవాలని అలెగ్జాండర్ కావాలనే కాల్పించాడు, పార్మెనియన్ అనే పెద్ద సేనాని వద్దని చెప్పినా వినలేదు, నాకైతే అది తెలివైన పని అనిపించడం లేదు అని తన అభిప్రాయం కూడా చెప్తాడు. డయోడోరస్, కర్టియస్ అయితే విందులో అందరూ తాగి ఉండగా థాయిస్ అనే ఏథెన్స్ స్త్రీ రెచ్చగొట్టింది, ఆ ఊపులో కాగడాలు పట్టుకుని వెళ్లారు అంటారు. ప్లూటార్క్ థాయిస్ కథ మొత్తం చెప్పి, కాదు ఇది ప్లాన్ చేసి చేసిందే అని కొందరంటారు అని కూడా కలుపుతాడు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకం ఏం చేసిందో చూడండి. రెండూ చెప్పి, నేను ఇందుకని దీన్ని నమ్ముతున్నా అన్నాడా, కొనేయండి. థాయిస్ కథ ఒక్కటే రంగులద్ది సినిమా సీన్ లాగా రాసి, ఇంకో మాట ఉందని కూడా చెప్పకపోతే ఆ ఆథర్ మిగతా పేజీల్లో కూడా అదే చేసుంటాడు.

ఇక పుస్తకాల సంగతి. ఒక్కటే కొంటాను అనేవాళ్లకి నేను చెప్పేది ద ల్యాండ్‌మార్క్ అరియన్, 2010లో వచ్చింది, జేమ్స్ రోమ్ ఎడిట్ చేశాడు, పమేలా మెన్ష్ ట్రాన్స్‌లేషన్. అసలు సోర్సునే మొదటి పుస్తకంగా చదవడం ఏంటి, కష్టం కదా అనుకోవచ్చు, ఈ ఎడిషన్ ఆ కష్టాన్నే తీసేస్తుంది. అరియన్ చదివేవాళ్లు మామూలుగా ఆగిపోయేది ఊర్ల పేర్ల దగ్గర, నదుల పేర్ల దగ్గర, ఆ ఊరెక్కడ, ఈ నది ఇప్పుడు ఏది అని. ఇందులో కొత్త చోటు పేరు రాగానే కింద ఫుట్‌నోట్‌లో అది ఏ మ్యాప్‌లో ఉందో చెప్తారు, ఆ మ్యాప్ కూడా పుస్తకం చివర ఎక్కడో కాకుండా దగ్గర్లోనే ఉంటుంది, పేజీ అంచున ఆ పేరాలో ఏం జరిగింది, ఏ ఏడు, ఎక్కడ అని రెండు ముక్కల్లో రాసుంటుంది. వారం గ్యాప్ వచ్చినా మళ్లీ ఎక్కడ వదిలామో దొరికిపోతుంది. పుస్తకం బరువు, పడుకుని చదవడానికి పనికిరాదు, టేబుల్ మీద పెట్టుకోవాల్సిందే, ఫోన్‌లో ఈబుక్‌గా చదివితే ఆ మ్యాపుల ఉపయోగం చాలావరకు పోతుంది కాబట్టి కాగితం పుస్తకమే తీసుకోండి.

అరియన్ ఎంత బాగా రాస్తాడో తెలియాలంటే ఐదో భాగంలో జీలం దాటే ఘట్టం చదవండి. గ్రీకులు హైడాస్పెస్ అన్నది జీలం నదినే, క్రీ.పూ. 326, వానలకి నది నిండుగా పారుతోంది, అవతలి గట్టున అక్కడి రాజు పోరస్ ఏనుగులు నిలబెట్టి ఉన్నాడు. ఏనుగుల్ని చూస్తే గుర్రాలు బెదిరి గట్టెక్కవు. అలెగ్జాండర్ రోజూ రాత్రి గుర్రపు దళాన్ని అటూ ఇటూ పరిగెత్తించి, కేకలు పెట్టించి, ఇదిగో దాటుతున్నాం అన్నట్టు గోల చేయించాడు, ప్రతిసారీ పోరస్ ఏనుగుల్ని ఆ చప్పుడు వైపు నడిపించాడు, కొన్నాళ్లకి ఇదంతా ఉత్త హడావుడే అని కదలడం మానేశాడు. అప్పుడు ఒక రాత్రి, ఉరుములు, కుండపోత వాన, శిబిరానికి 150 స్టేడియాల దూరంలో, అంటే సుమారు 27 కిలోమీటర్లు, నది వంపు దగ్గర అడవితో నిండిన ఒక లంక చాటున దాటడం మొదలుపెట్టారు. ఆయుధాల చప్పుడు ఉరుముల్లో కలిసిపోయింది. తీరా గట్టెక్కి చూస్తే అది గట్టు కాదు, ఇంకో లంక, మధ్యలో మళ్లీ ఒక పాయ, వానకి అదీ ఉబ్బిపోయింది. మనుషులకి ఛాతీ దాకా నీళ్లు, గుర్రాల తలలు మాత్రమే పైకి కనపడుతున్నాయి. ఇదంతా అరియన్ ఎక్కడా గొంతు పెంచకుండా చెప్తాడు, చదువుతుంటే మనకే ఊపిరి బిగుసుకుంటుంది. ఆ తర్వాత వెంటనే పోరస్ కొడుకు ఎంతమందితో వచ్చాడన్న దాని మీద అరిస్టోబులస్ ఇలా అన్నాడు, ఇంకొందరు అలా అన్నారు, టాలమీ వేరేలా అన్నాడు, నాకు టాలమీ మాట సరైందనిపిస్తోంది అని విడదీసి చెప్తాడు. పద్దెనిమిది వందల ఏళ్లు దాటిన రచన ఇది, ఇప్పుడొచ్చే చాలా పుస్తకాల్లో కూడా ఇంత నిజాయితీ కనపడదు.

అయితే అరియన్ ఒక్కడినే నమ్ముకోవద్దు. ఆయనకి అలెగ్జాండర్ అంటే అభిమానం. టాలమీని ఎందుకు నమ్మానో మొదట్లోనే చెప్తాడు, ఆయన కూడా రాజే కదా, రాజు అబద్ధమాడితే ఇంకా సిగ్గుచేటు అని. కానీ ఆ టాలమీ అలెగ్జాండర్ వారసత్వం మీదే తన సింహాసనం నిలబెట్టుకున్నవాడు, తనకి కావాల్సినట్టు చెప్పుకునే అవసరం ఆయనకి బాగానే ఉంది. టైర్ నగరం సంగతి చూడండి, క్రీ.పూ. 332లో ఏడు నెలలు ముట్టడించి పట్టుకున్నారు. అరియన్ ఎనిమిది వేల మంది చచ్చారని, ముప్పై వేల మందిని బానిసలుగా అమ్మారని చెప్తాడు. యుద్ధం అయిపోయాక రెండు వేల మందిని సముద్రపు ఒడ్డు పొడుగునా కొయ్యలకి వేలాడదీశారన్న మాట మాత్రం కర్టియస్, డయోడోరస్ చెప్తేనే మనకి తెలిసింది. అందుకని రెండో పుస్తకంగా కర్టియస్‌ని తీసుకోండి, జాన్ యార్డ్లీ ట్రాన్స్‌లేషన్ పెంగ్విన్‌లో దొరుకుతుంది. పది భాగాల్లో మొదటి రెండూ పోయాయి, కాబట్టి కథ మధ్యలో మొదలవుతుంది, ఉపన్యాసాలు మరీ ఎక్కువ, ఆయన సొంతంగా అల్లినవే అనిపిస్తాయి. ఆ లోపాలున్నా పార్మెనియన్ కొడుకు ఫిలోటస్ మీద జరిపిన విచారణ లాంటి చోట్ల సైన్యం లోపల ఎంత భయం పేరుకుపోయిందో ఆయన చూపించినట్టు అరియన్ చూపించడు. ప్లూటార్క్ చిన్నది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, మనిషి స్వభావం మీద ఆయన దృష్టి, యుద్ధాల వివరాలకి ఆయన దగ్గరికి వెళ్లొద్దు.

ఆధునిక జీవిత చరిత్రల్లో రెండింటి మధ్యే ఎప్పుడూ వాదన నడుస్తుంటుంది, రాబిన్ లేన్ ఫాక్స్ 1973లో రాసింది, పీటర్ గ్రీన్ రాసిన అలెగ్జాండర్ ఆఫ్ మాసిడాన్. ఫాక్స్ చదువుతుంటే ఆగబుద్ధి కాదు, హోమర్ కావ్యంలోని అకిలీస్‌ని ఆదర్శంగా పెట్టుకున్న కుర్రాడు ఆసియాలోకి దిగితే ఆ లోకం ఎలా ఉండేదో, దారులు, కొండలు, వాతావరణం అన్నీ కళ్లకి కడతాడు. ఆయనకి అలెగ్జాండర్ అంటే ప్రేమ, అది దాచుకోడు. గ్రీన్ అలెగ్జాండర్ వేరే మనిషి, లెక్కలు వేసుకునేవాడు, అనుమానించేవాడు, పోనుపోను క్రూరుడయ్యేవాడు. క్రీ.పూ. 336లో అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ రాజుని కూతురి పెళ్లిలో పాసేనియస్ అనే అంగరక్షకుడు పొడిచి చంపాడు కదా, ఆ హత్య వెనక తల్లి ఒలింపియాస్, అలెగ్జాండర్ ఉన్నారేమో అన్న అనుమానాన్ని గ్రీన్ గట్టిగానే ముందుకి తెస్తాడు. నా ఓటు గ్రీన్‌కే. ఎందుకంటే ఆయన పుస్తకం చదివాక గ్రీకు నగరం థీబ్స్‌ని నేలమట్టం చేయడం, తన సేనాని క్లైటస్‌ని తాగిన మత్తులో ఈటెతో పొడవడం, ముల్తాన్ ప్రాంతంలో మల్లోయి అనే తెగ ఊళ్లలో జరిగిన నరమేధం ఇవన్నీ విడివిడి తప్పుల్లా కాకుండా ఒకే మనిషి చేసినవిగా అర్థమవుతాయి. ఫాక్స్‌లో అవి ఉన్నాయి కానీ గెలుపు వేగంలో కొట్టుకుపోతాయి. రెండూ కొనే వీలుంటే ఒకే ఘట్టాన్ని రెండింట్లో పక్కపక్కన పెట్టుకుని చదవండి, చరిత్ర ఎలా రాస్తారో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

బాస్‌వర్త్ రాసిన కాంక్వెస్ట్ అండ్ ఎంపైర్, 1988, మొదటి పుస్తకంగా వద్దు. సగం కథనం, సగం పరిపాలన, సైన్యం, తనని దేవుడిగా కొలవమనడం లాంటి విషయాల మీద విడి అధ్యాయాలు, భాష పొడిగా ఉంటుంది, కథ కోసం వచ్చినవాళ్లు యాభై పేజీల్లో వదిలేస్తారు. కానీ అరియన్ మీద పెద్ద వ్యాఖ్యానం రాసిన మనిషి ఈయన, ప్రతి వాక్యం వెనక సోర్సు ఉంటుంది. ఏదైనా విషయం మీద అనుమానం వస్తే నేను తెరిచేది దీన్నే. టార్న్ 1948 పుస్తకం పాత లైబ్రరీల్లో ఇప్పటికీ కనపడుతుంది, అలెగ్జాండర్ మానవజాతి అంతా ఒక్కటే అని కలగన్న మహాత్ముడు అంటాడు, 1958లో బేడియన్ ఆ వాదనని ముక్కముక్కలుగా విప్పేశాడు, ఆ తర్వాత దాన్ని అలాగే నమ్మేవాళ్లు పెద్దగా మిగల్లేదు. కాబట్టి అది ఆఖర్న.

సైజులో చిన్నదే కానీ నేను అందరికీ చదవమని చెప్పే ఇంకోటుంది, డొనాల్డ్ ఎంగెల్స్ 1978లో అలెగ్జాండర్ సైన్యం తిండీనీళ్ల ఏర్పాట్ల మీద రాసింది. సైనికుడికి రోజుకి మూడు పౌండ్ల ధాన్యం, గుర్రానికి పది పౌండ్ల ధాన్యం, ఇంకో పది పౌండ్ల మేత, ఇలా లెక్కలు వేసుకుంటూ పోతాడు. బరువు మోసే జంతువు తన మేత, నీళ్లు కూడా తనే మోయాలంటే కొద్ది రోజుల్లోనే ఆ మోతంతా దాని తిండికే అయిపోతుంది, అంటే పంట, నది, ఓడలు దగ్గర లేని చోటికి పెద్ద సైన్యం పోలేదు. ఇది తలకెక్కాక గాగమేలా యుద్ధంలో పర్షియన్ రాజు డేరియస్‌కి పది లక్షల కాల్బలం అని అరియన్ రాసింది చదివితే ముందు తిండి ఎక్కడిది అని అడగబుద్ధేస్తుంది. అదే యుద్ధానికి డయోడోరస్ ఎనిమిది లక్షలంటాడు, కర్టియస్ రెండు లక్షలంటాడు. ఈ అంకెల్లో ఏదో ఒకటి తీసుకుని ప్రశ్నించకుండా అట్ట వెనక వేసిన పుస్తకాన్ని కొనకండి. ఎంగెల్స్ లెక్కల మీద కూడా తర్వాతవాళ్లు అభ్యంతరాలు చెప్పారు, అయినా ఆలోచించే పద్ధతి నేర్పుతుంది.

పర్షియన్ల వైపు నుంచి చూడకపోతే సగమే చదివినట్టు. పియర్ బ్రియాంట్ వెయ్యి పేజీలు దాటిన ఫ్రమ్ సైరస్ టు అలెగ్జాండర్ రాశాడు, అది పరిశోధకులకి, మనలాంటివాళ్లకి ఆయనదే అలెగ్జాండర్ మీద చిన్న పుస్తకం ఉంది, డేరియస్ మీద విడిగా ఇంకోటి ఉంది. డేరియస్ అంటే రథం దిగి పారిపోయిన పిరికివాడు అనే బొమ్మ ఎవరు గీశారు, ఎందుకు గీశారు అని ఆయన అడిగే తీరు నాకు చాలా నచ్చింది. ఇక్కడే బాబిలోన్ మట్టి పలకల మాట చెప్పాలి. అక్కడి జ్యోతిష్కులు గ్రహాలు, నది మట్టం, బార్లీ, ఖర్జూరం ధరలు రోజువారీగా రాసి పెట్టేవాళ్లు. క్రీ.పూ. 331 సెప్టెంబర్ 20 చంద్రగ్రహణం వాటిలో ఉంది, పదకొండు రోజుల తర్వాత గాగమేలా యుద్ధంలో సైన్యం రాజుని వదిలేసి పోయిందని ఉంది. గ్రీకు పుస్తకాల్లో రాజు సైన్యాన్ని వదిలేసి పోయాడు, ఇందులో సైన్యమే రాజుని వదిలేసింది. అలెగ్జాండర్ మరణం కూడా అదే తరహా పలకలో ఒక్క ముక్కలో ఉంది, నెల 29న రాజు చనిపోయాడు, మబ్బులు అని అంతే. మూడొందల ఏళ్ల తర్వాత రాసిన కథల మధ్య ఆ రోజునే రాసిన మాట ఇది. కొత్తగా వచ్చిన పుస్తకం ఏదైనా ఈ పలకల ప్రస్తావనే లేకుండా గాగమేలా గురించి రాస్తే ఆ ఆథర్ హోంవర్క్ చేయలేదనే అనుకుంటా.

మరణం అనగానే గుర్తొచ్చింది, అలెగ్జాండర్‌ని చంపిందెవరో తేల్చేశాం అని చెప్పే పుస్తకాల జోలికి పోవద్దు. జ్వరం వచ్చి రోజురోజుకీ ముదిరిందని ఒక కథనం, కంచర గాడిద డెక్కలో దాచి తెచ్చిన విషం అని ఇంకో పుకారు, రెండూ అరియన్ చెప్పాడు, రెండోదాన్ని నమ్మి కాదు, నాకు తెలియదనుకోకండి అని చెప్పడానికి మాత్రమే. అంతకు మించి మన దగ్గర ఏమీ లేదు. మేరీ రెనాల్ట్ నవలలు చాలా బాగుంటాయి, నవలలుగానే చదవండి.

ఇక మన దేశపు భాగం కోసమే చదవాలనుకునేవాళ్లకి మెక్‌క్రిండిల్ 1893లో వేసిన పుస్తకం. ఆయన పాట్నాలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసినవాడు. అరియన్, కర్టియస్, డయోడోరస్, ప్లూటార్క్, జస్టిన్, ఈ ఐదుగురూ దండయాత్ర గురించి రాసిన భాగాలన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఒక్కచోట పెట్టాడు. పోరస్ ఏనుగులు అరియన్‌లో 200, డయోడోరస్‌లో 130, కర్టియస్‌లో 85, ఇలాంటివి పేజీలు తిప్పి మీరే పోల్చుకోవచ్చు. పోరసే గెలిచాడు, ఆ సంగతి దాచేశారు అని గట్టిగా వాదించేవాళ్లు ముందు ఇది చదవాలి. ఐదుగురూ ఓడింది పోరసే అంటారు, ఓడినా రాజ్యం ఆయన చేతిలోనే ఉండిపోయింది అని కూడా అంటారు. ఆ కాలపు మన గ్రంథాల్లో అలెగ్జాండర్ ప్రస్తావనే లేదు కాబట్టి ఇంకో వైపు నుంచి తూచి చూసే వీలు కూడా లేదు. ఊళ్లు, నదీ ప్రవాహాలు ఎక్కడని మెక్‌క్రిండిల్ రాసిన నోట్స్ పాతబడిపోయాయి, వాటిని పట్టించుకోవద్దు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇలాంటి కాపీరైట్ అయిపోయిన పుస్తకాలని స్కాన్ చేసి కొత్త అట్టతో అమ్ముతుంటారు. నా దగ్గరికి అలాంటిది ఒకటి వచ్చింది, మడతపెట్టి ఉన్న మ్యాపుని విప్పకుండానే స్కాన్ చేశారు, పంజాబ్ నదుల మీదుగా కాగితం మడత నల్లగీతలా పడింది, జీలం సగం వరకే ఉంది, ఒక పేజీ మూల స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు కూడా ప్రింటయ్యింది. అరియన్ పేరుతో వచ్చే చవక ఎడిషన్లలో ట్రాన్స్‌లేటర్ పేరే ఉండదు, చూస్తే చినాక్ 1884 అనువాదం అయ్యే అవకాశం ఎక్కువ, అది ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఫ్రీగానే ఉంది, దానికి డబ్బులు పెట్టక్కర్లేదు. మెక్‌క్రిండిల్ కూడా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. ట్రాన్స్‌లేటర్ పేరు, మొదటి ప్రింటు ఏడాది, మ్యాపుల లిస్టు, ఈ మూడూ అమ్మేవాళ్ల పేజీలో కనపడకపోతే ఆర్డర్ పెట్టకండి.

చివరగా ఇంకో టెస్ట్ పేజీ, పెర్సెపోలిస్ దొరకకపోతే ఇది వాడండి. ఎడారిలో దాహంతో అల్లాడుతుంటే ఎవరో శిరస్త్రాణంలో కాసిని నీళ్లు తెచ్చిస్తే అలెగ్జాండర్ తాగకుండా వదిలేశాడన్న కథ. అరియన్ దాన్ని తిరుగు ప్రయాణంలో గెడ్రోసియా ఎడారిలో పెట్టి, ఇంకెక్కడో జరిగిందని కూడా కొందరంటారు అని చెప్తాడు. కర్టియస్‌లో అది మధ్య ఆసియాలో, ప్లూటార్క్‌లో డేరియస్‌ని తరుముతున్నప్పుడు. ఈ తేడా చెప్పిన పుస్తకానికి డబ్బులు పెట్టండి.